తేలు గుర్తున్న కాగితం

నేను ఒక కాగితాన్ని. ఇంతవరకు నాకు సందేహం లేదు. ఆ తరువాత ఏది చెప్పబోయినా నా తల నాకే తిరుగుతుంది, కాబట్టి వినేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. నేను ఒకచోట, నా మనిషి ఇంకోచోట, నా బొమ్మ మరెక్కడో. ఈ తికమకలో ఒక కూతురు, తండ్రి చనిపోయాడో ఇల్లు వదిలి పారిపోయాడో తెలియకుండానే ముసలిదైపోయింది. తప్పు నాది కాదు. అలాగని ఎవరిదో కూడా తేల్చి చెప్పలేను.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. వెదురు గుజ్జులో పుట్టాను. ఒళ్ళంతా ఇంగ్లీషు గళ్ళు అచ్చు వేయించుకున్నాను. రెండో పెద్ద యుద్ధం రోజుల్లో శ్రీకాకుళం వైపు ఒక సంతలో, సైన్యంలోకి మనుషులను చేర్చుకునే బల్ల మీద తేలాను. నా మీద ఒక మనిషిని రాస్తారని అక్కడే తెలిసింది. మనిషంటే ఎత్తు, ఛాతీ కొలత, ఊరు, పేరు, ఒంటి మీద గుర్తులు. అంతేనా అనిపించింది గాని, కొత్తగా కొలువులో చేరినదాన్ని, ఊరుకున్నాను.

వరసలో ముందున్నవాణ్ణి హవల్దారు పేరడిగాడు.

"లెంక సూరపనాయుడండి."

"ఇంటి పెద్ద పేరు?"

"లెంక సూరపనాయుడండి."

హవల్దారు వాడి కాగితం నింపి పక్కన పెట్టి, నన్ను ముందుకు లాక్కుని వెనకవాణ్ణి అడిగాడు. వాడూ అవే రెండు జవాబులు చెప్పాడు. హవల్దారు కలం కింద పెట్టేశాడు. "నాతో ఎకసెక్కాలా?" అన్నాడు.

"నేదు బాబూ," అన్నాడు ముందువాడు చేతులు కట్టుకుని. "ఈడు మా సిన్నాన్న కొడుకు. మాయిద్దరికీ మా తాత పేరే ఎట్టినారు. ఇంటికి పెద్దా ఆయనే."

మనుషుల తీరు నాకు బోధపడకపోవడం అప్పుడే మొదలైంది. తాత మీద గౌరవం కొద్దీ మనవళ్ళిద్దరికీ ఆయన పేరు పెట్టుకున్నారు. పెట్టాక, మామగారి పేరు నోటితో పలకకూడదని కోడళ్ళిద్దరూ ఆ పేరు ఎత్తనే లేదు. అంత ముచ్చటపడి పెట్టుకున్న పేరు పిలవడానికి పనికిరాకుండా పోయింది. ఇంట్లో వాళ్ళు పెదబాబు, చినబాబు. నా మీద అటువంటి పేర్లకు గడి లేదు. చినబాబు నా వాడు. వాళ్ళిద్దరినీ వేరు చేయడానికి సైన్యం చెరొక నంబరు ఇచ్చింది. నా గుర్తుల గడిలో హవల్దారు 'కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు' అని రాశాడు. తేలు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మాటను మాత్రం భద్రంగా మోశాను.

తరువాత నా మనిషి ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆయన కొలతలన్నీ నా దగ్గరే ఉండగా ఆయన ఎలా వెళ్ళగలిగాడో నాకు అంతుబట్టలేదు. కొంతకాలానికి బర్మా వైపు నుంచి కబురొచ్చింది. గుమాస్తా ఎర్రసిరా తీసుకుని నా చివరి గడిలో 'నది దాటుతుండగా కాల్పుల్లో మరణం' అని రాసి, సిరా ఆరే వరకు ఊది, టీ తాగడానికి వెళ్ళాడు. పెదబాబు కాగితం మీద మాత్రం 'సెలవుపై ఇంటికి' అని నల్లసిరాతో రాశారు. మా ఇద్దరినీ ఒకే కట్టలో కట్టి ఒక కంటోన్మెంటులో రికార్డు గది బీరువాలో పడేశారు. ఏళ్ళ తరబడి ఒకరి మీద ఒకరం పడుకున్నాం. చెదలు మా పక్క కట్టను తిన్నాయి. మమ్మల్ని ఎందుకు వదిలేశాయో అవే చెప్పాలి.

ఒకరోజు ముక్కుకు గుడ్డలు కట్టుకున్న కుర్రకారు వచ్చారు. పాత సైనికుల కాగితాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తారట, ఇకమీదట ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చట. కడప నుంచి వచ్చిన ఇంతియాజ్ అనే అబ్బాయి కుంచెతో నా దుమ్ము దులిపి అద్దం కింద పరిచాడు. కళ్ళు జిగేలుమనే వెలుగు ఒకటి నా మీదుగా పోయింది. పక్క తెర మీద చూద్దును గదా, నేనే. గోధుమ రంగు మరకతో సహా నేనే. మరి ఇక్కడున్నదెవరు? అడుగుదామంటే నాకు నోరు లేదు.

ఆ ఆశ్చర్యం తీరకముందే ఇంకొకటి జరిగింది. పేరు, ఇంటి పెద్ద, ఊరు, చేరిన తేదీ. ఇంతియాజ్ ఎక్కించేవి ఈ నాలుగే, నంబరు కాదు. నాలుగూ మా ఇద్దరికీ ఒకటే కావడంతో, ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించారేమోనని యంత్రం అడిగింది. ఇంతియాజ్ ఆవులించి అవునని నొక్కాడు. నా బొమ్మ మాయమైంది. పెదబాబు బొమ్మ మిగిలింది. యుద్ధంలో ఒకసారి చచ్చిన మనిషి అద్దం కింద మళ్ళీ చచ్చాడా, లేక ఈసారి బతికి ఇంటికి వెళ్ళాడా? నాకు పాలుపోలేదు. ఆ అబ్బాయి మీద కోపం మాత్రం వచ్చింది.

కొన్నాళ్ళకు మమ్మల్ని పెట్టెల్లో సర్దుతుండగా ఒక ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. పేరు పారమ్మ. చినబాబు కూతురు, ఆయన ఓడెక్కేనాటికి తల్లి కడుపులో ఉన్న పిల్ల. మనవరాలు శిరీష ఫోన్ తీసి, "సార్, మా ఊరి నుంచి ఈ పేరుతో ఇద్దరు వెళ్ళారు. మీ దాంట్లో ఒక్కరే ఉన్నారు," అంది.

"ఒక్కరే ఉంటే ఒక్కరే పోయుంటారు," అన్నాడు ఇంతియాజ్.

పారమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "బాబూ, కుసింత నా మాట ఇను. నాను పుట్టిన యేడు తంతి వొచ్చింది, సూరపనాయుడు పోనాడని. నంబరు గానీ, ఏ సూరపనాయుడో గానీ దాంట్లో నేదు. మాయమ్మా, మా పెద్దమ్మా కూకుని ఏడిసినారంట. మూణ్నెల్లకి మా పెదనాన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనది ఏరే పటాలం, మాయయ్య సంగతి ఆయనకీ తెల్దు. అది సూసి ఊరోళ్ళంతా, తంతి తప్పు, పోనాడన్నోడే తిరిగొచ్చీసినాడు అనీసినారు. మరి మాయయ్యేడీ అంటే, బర్మా దేశం రంగంలో ఇంకో కాపరం ఎట్టుంటాడన్నారు. మాయమ్మ బొట్టు తియ్యనేదు. బొట్టుతోనే పోనాది. ఇప్పుడు మీ కంపూటరు కూడా ఒక్కడే, ఇంటికొచ్చీసినాడు అంతంది. ఊళ్ళో మల్లీ అదే మాట. మాయయ్య పారిపోనాడా, పోనాడా, అదొక్కటి సెప్పు."

ఇంతియాజ్ తెర వైపు చూశాడు. అవునని నొక్కిన సంగతి అతనికి గుర్తొచ్చిందనుకుంటాను. "అవ్వా, మీ నాయనకు గుర్తేమన్నా ఉందా?" అన్నాడు.

"కుడి సేతి మీద తేలు," అంది పారమ్మ.

అతను కట్టిన పెట్టె తాళ్ళు కోశాడు. పై కట్టలు నేల మీద పెట్టి నన్ను పైకి తీశాడు. గుర్తుల గడి వేలు పెట్టి చదివాడు. తరువాత వేలు నా చివరి గడికి జరిపి, ఎర్రసిరా వాక్యాన్ని తెలుగులో, మెల్లగా చెప్పాడు.

పారమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మరి మాయమ్మకి సీర పసుపు ఎట్టి, పునిస్త్రీలాగ సాగనంపీసినాం. తప్పేటి బాబూ?" అని అడిగింది. నా మీద అన్ని గళ్ళున్నాయి, దీనికొక గడి లేదు.

ఆవిడే మళ్ళీ, "పోన్లే. మమ్మల్నొగ్గీసి పారిపోనేదు గదా," అంది. "తేలని ఎక్కడ రాసినారు?"

శిరీష వేలు పెట్టి చూపించింది. పారమ్మ చదువుకోలేదు. జాకెట్టు చెయ్యి పైకి జరిపి, ముంజేతిని నా మీద, ఆ మాట పక్కన ఆనించింది. ఆ చేతి మీద ఆకుపచ్చగా, ముడతల్లో సగం కరిగిపోయిన బొమ్మ ఒకటుంది. "అయ్య తిరిగొస్తే నన్ను గుర్తట్టాలని, ఆయనకున్నాదే మాయమ్మ నాకూ పొడిపించింది," అంది.

అదీ తేలు. ఇన్నేళ్ళు మాటగా మోసినదాన్ని అప్పుడే మొదటిసారి చూశాను. కొండితో సహా నా మీద పడుకుంది.

ఇంతియాజ్ నన్ను మళ్ళీ అద్దం కింద పెట్టాడు. పారమ్మ చెయ్యి తీయలేదు, బొమ్మలో అదీ పడింది. బొమ్మలో చెయ్యి పడకూడదని నియమమట. అందుకని ఆవిణ్ణి బతిమాలి చెయ్యి తీయించి, ఇంకోసారి బొమ్మ తీశాడు. ఈసారి యంత్రం ఒకరేనా అని అడిగితే కాదని నొక్కాడు. గుర్తుల కోసం కొత్త గడి పెట్టించి, దాని పక్కనే, ఇంట్లో ఏమని పిలిచేవారో పారమ్మను అడిగి, చినబాబు అని కూడా చేర్చాడు.

ఇప్పుడు నేను చల్లటి గదిలో పెట్టెలో ఉన్నాను. నా బొమ్మను ఊళ్ళో వాళ్ళంతా ఫోన్లలో చూస్తున్నారట. అందులో మరక ఉంది, ఎర్రసిరా ఉంది, చెయ్యి మాత్రం లేదు. అందుకే అది నేను కాదని నా అనుమానం.