ఉప్పుచేప రాయబారం

వంశధార సముద్రంలో కలిసే మొగ పక్కన, కళింగపట్నానికి కూతవేటు దూరంలో ఒక పల్లె ఉంది. అక్కడ మనుషులు తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. వల లాగమంటే పదిమంది దొరకరు. లాగినవాళ్లు తప్పుగా లాగారని చెప్పమంటే మాత్రం చంకలో పిల్లతో సహా ఊరంతా హాజరు. అలాంటి ఊరి మీదికి సముద్రపు దొంగలు వచ్చిపడ్డారు.

ఎర్రన్న, అప్పలసూరి కలిసి తెప్ప మీద వేటకు వెళ్లారు. పొద్దెక్కాక అప్పలసూరి ఒక్కడే తిరిగొచ్చాడు. ఎర్రన్న పెళ్లాం లక్ష్మణమ్మ అప్పటికి ఇసుకలో ఉప్పుచేపలు ఆరబెడుతోంది. తెప్ప మీద ఒక్క తలకాయే కనబడేసరికి చేతిలో గంప ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా నడుంలోతు నీళ్లలోకి ఉరికింది.

“ఒరే సూరీ, నా మనిషేడిరా?”

“బతికే ఉన్నాడొదినా. అదిగో, ఆ లాంచీలో ఉన్నాడు.”

కెరటాలకు ఆవల ఒక నల్ల లాంచీ లంగరేసి ఉంది. సరుకు పడవలను దోచుకునే ముఠా అది. దోచిన సరుకు అందుకోవడానికి ఇంకో లాంచీ రావాలట. అది వచ్చేదాకా ఇక్కడే ఉంటారట.

“కూడూ నీళ్లూ పంపమన్నారు. పోలీసోళ్లకి కబురెల్తే ఎర్రన్నని కాళ్లకి రాయి కట్టి తోసేస్తారట. ఆల కాడ తుపాకీ ఉన్నాది” అన్నాడు అప్పలసూరి.

ఒడ్డున చెప్పినప్పుడు తుపాకీ ఒకటే. గంగులు టీకొట్టు చేరేసరికి నాలుగయ్యాయి. మధ్యాహ్నానికి లాంచీ ముక్కున ఫిరంగి మొలిచింది. సాయంత్రానికి ఆ ఫిరంగి గొట్టంలో కాకి గూడు పెట్టడం గంగులు కళ్లారా చూశాడు కూడా.

ఊరికి కులపెద్ద అసిరయ్య. ఆలోచన వచ్చినా రాకపోయినా చెవిలో కోడీక తిప్పుకోవడం ఆయన అలవాటు. బోర్లించిన పడవ నీడన కూర్చుని, ఊరంతా తన నోటి వంక చూస్తుంటే, ఆ చెవి అయ్యాక ఈ చెవి తిప్పుకున్నాడు.

“పోలీసులొద్దు. ఆలడిగింది పంపుదారి” అన్నాడు చివరికి. “రెండు కుండలు నీళ్లు, బియ్యం, గంపెడు ఉప్పుచేప. లచ్చనమ్మా, నీ కాడ ఆరింది తే.”

ఊరు నోరు తెరిచింది. ఆ పల్లెలో ఎండుచేప తెప్ప ఎక్కదు. తాతల నాటి కట్టుబాటు అది. గంగమ్మ తల్లి బిడ్డలను పట్టుకొచ్చి, కోసి, ఉప్పేసి ఎండబెట్టి, మళ్లీ ఆమె గుమ్మంలోకే పట్టుకెళ్లి, ఆమె కళ్లముందే నమిలి తింటే ఊరుకుంటుందా? అందుకే వేటకెళ్లేవాడు చోడి అంబలి, ఉల్లిపాయ తప్ప ఇంకేమీ పట్టుకెళ్లడు.

ఎర్రన్న తల్లి తాతమ్మ ఇసుక తీసి ఎగజల్లింది. “ఒరే అసిరిగా! నా కొడుకు దొంగల సేతిల ఉన్నాడు సాలదా, గంగమ్మకి కోపం తెప్పిస్తావేటిరా?”

“అప్పా, ఆల్ది మన కులం కాదు గదే. తింటే పాపం ఆలదే” అన్నాడు అసిరయ్య.

లక్ష్మణమ్మ గంప నింపింది. తన చేత్తో ఉప్పు రాసిన చేప, తన మొగుడున్న చోటికి. అప్పలసూరి తెప్ప కెరటం దాటేదాకా చూసి, ఆ తర్వాత ఆమె కాలు ఒకచోట నిలవలేదు. ఒడ్డుకు పోతే లాంచీ కనబడుతుంది, మనిషి కనబడడు. ఇంటికి పోతే అత్త ఏడుపు. టీకొట్టుకు పోతే అభిప్రాయాలు.

“పెద్దంటే అలాగుండాల. ముందు మనిషి బతకాల” అంటే ఆమె ప్రాణం కుదుటపడేది. కప్పులో టీ చల్లారక ముందే ఇంకొకడు “ఏటి పెద్ద? దొంగలికి అల్లుడి మర్యాద సేత్తన్నాడు. రేపు తాంబూలం పంపుతాడు” అనేవాడు. మళ్లీ గుండె జారేది. గంగులు కొత్త ట్రాన్సిస్టరు పెట్టాడు. అందులో వార్తలు విని ప్రపంచాన్నేలే వాళ్లకే రోజూ సలహాలిచ్చేవాడు, కులపెద్దను వదులుతాడా? “నాను గానీ పెద్దనయితే నాలుగు తెప్పలేసుకెల్లి, తెడ్లతో బాది తెద్దును!” అన్నాడు. గంగులు జన్మలో తెప్ప ఎక్కలేదు. నీళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అయినా ఆ మాటకు లక్ష్మణమ్మ నెత్తురు ఉడికింది. అసిరయ్య దగ్గరికి పరుగెత్తింది.

“మావా, నలుగురూ ఎల్దామంతన్నారు. నువ్వు ఊ అనవేటి?”

“నలుగురూ ఎల్తే, ఒక్కడికే రాయి కడతారే ఆలు. ఎర్రన్నకే.”

ఆమె తిరిగి ఒడ్డుకు నడిచింది. అలా ఆ సాయంత్రమంతా ఎవరి మాట వింటే ఆ మాటే నిజమనిపించి, ఇసుకలో తిరిగి తిరిగి కాలవ తవ్వింది. ఆ కాలవలోకి వంశధార మళ్లుతుందేమోనని ఊరు భయపడిందంటారు. నమ్మితే నమ్మండి.

మర్నాడు సముద్రం లేచింది. తాడిచెట్టంత కెరటాలు. అప్పలసూరి తెప్ప తోస్తే, కెరటం దాన్ని తిరిగి తెచ్చి వాడి ఒళ్లోనే పెట్టింది. ఇంకోసారి తోశాడు, ఇంకోసారి పెట్టింది. దొంగలకు నీళ్లు వెళ్లే దారి లేదు.

“ఆగండి” అన్నాడు అసిరయ్య, కోడీక తిప్పుకుంటూ.

దాంతో ఊరికి ఒళ్లు మండింది. “పిరికి పెద్ద!”, “ముసలిపెద్ద!”, “దించెయ్యండి!” నిన్న పొగిడిన నోళ్లే ముందుగా లేచాయి. ఈయన పోతే ఎవరు పెద్ద అన్న దగ్గర మాత్రం ఆ వేడి చల్లారింది. ప్రతివాడూ తన పేరు ఇంకొకడు చెబుతాడని చూశాడు, ఎవడూ చెప్పలేదు.

లక్ష్మణమ్మ బుర్రలో వేరే మాట తిరుగుతోంది. అంత ఉప్పు రాసిన చేప! నీళ్లు రెండు కుండలే. తిన్నవాడి నాలుక ఈపాటికి ఎండిపోయి ఉంటుంది. నా మనిషి నాలుక కూడా. చేసేదేమీ లేక ఊరబావికి పోయి కుండ నిండా నీళ్లు తోడి నెత్తిన పెట్టుకుని ఒడ్డుకొచ్చింది.

అప్పుడే లాంచీ కదిలింది. పోటు మీద, వంశధార మొగ వైపు.

“వస్తన్నారర్రా! ఊరి మీదికొస్తన్నారు!” గంగులు కేకేసి టీకొట్టు తలుపేసుకున్నాడు, గిరాకీలతో సహా.

దొంగలు ఊరి కోసం రాలేదు. ఏరు కదా, తియ్యటి నీళ్లుంటాయని వచ్చారు. దారెటని ఎర్రన్నను అడిగారట. వాడు చిన్నప్పటి నుంచి ఈదిన మొగ అది. ఇసుకమేట ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. కళ్లు తెరుచుకునే చెప్పాడు, “ఇటే బావూ, సూటిగా” అని. లాంచీ సూటిగా వెళ్లి మేట మీద కూర్చుని, పక్కకు వాలింది. దొంగలు గబగబా దూకి దోసిళ్లతో నీళ్లు తాగి, తాగినంతా ఉమ్మేశారు. పోటు వేళ మొగలో ఏరేది, సముద్రమేది? చేపా ఉప్పే, నీళ్లూ ఉప్పే.

తెడ్లు పట్టుకుని ఊరు మొగదాకా వచ్చింది గాని, తుపాకీ చూసి ఆగింది. ఆగి, ఎనక నుంచి ఎల్దామా, ముందు నుంచి ఎల్దామా అని అభిప్రాయాలు మొదలెట్టింది.

లక్ష్మణమ్మ ఆగలేదు. నెత్తిన కుండతో నీళ్లలోకి నడిచింది. తుపాకీవాడు గొట్టం ఆమె వైపు తిప్పాడు. వాడి చూపు మాత్రం కుండ మీదే ఉంది.

“నా మనిషిని దింపు” అంది. దప్పికతో వాడి చెవికి ఆ మాట ఎక్కలేదు. ఆమె లాంచీ వైపు చూపించి, కుండ కొంచెం వంచింది. మంచినీళ్లు సన్నగా ధార కట్టి ఉప్పునీళ్లలో పడ్డాయి. దొంగలందరూ ఒక్కసారి ‘హా’ అన్నారు. ఇద్దరు ఎగబాకి ఎర్రన్న కట్లు విప్పి దింపారు.

“తుపాకీ! తుపాకీ అడగవే లచ్చనమ్మా!” అని ఒడ్డు నుంచి అరిచాడు అసిరయ్య.

ఆమె తుపాకీవాడి చేతి వైపు చూపించి, కుండ ఇంకాస్త వంచింది. వాడు ఎక్కిళ్లు పెట్టి తుపాకీ నీళ్లలో వదిలేశాడు. అప్పుడు ఊరు వీరావేశంతో దూకింది. టీకొట్టు తలుపు తీసి గంగులు కూడా వచ్చాడు. కబురంది పోలీసులు వచ్చేసరికి దొంగలు వరసగా కూర్చుని, వంతులవారీగా లోటాతో నీళ్లు తాగుతున్నారు.

మిగిలిన నీళ్లు లక్ష్మణమ్మ మొగుడి నోటికందించింది.

“నాకు దప్పిక నేదే.”

“ఉప్పుచేప తిన్నావు గదా?”

“సముద్రం మీదా? గంగమ్మ ఊరుకుంటాదేటి? గంజే తాగినాను.”

ఆమె వాడి వీపున ఒక్కటేసి, ఏడ్చింది.

ఆ రోజు నుంచి అసిరయ్య పెద్ద కాదు, మహా పెద్ద. “ఉప్పుచేపతో దప్పిక పుట్టించి, ఆలంతట ఆలే వచ్చేలా సేసినాడు! మన ఎర్రన్న ముట్టడని ముందే తెలుసు!” నేనలాగే అన్నానంటే నేనలాగే అన్నానని టీకొట్టులో కొట్టుకున్నారు. గంగులు ఆ మాట మొదటి రోజే అన్నానని ట్రాన్సిస్టరు మీద ఒట్టేశాడు. పెద్ద సన్మానానికి నరసన్నపేట నుంచి సన్నాయి మేళం వచ్చింది.

మేళం హోరులో లక్ష్మణమ్మ అసిరయ్య పక్కన చేరింది. “మావా, నిజం సెప్పు. ఆలోసించే పంపినావా?”

అసిరయ్య కోడీక తీసి ఆమె వంక జాలిగా చూశాడు. “పల్లెలో ఆ రోజు ఇంకేటున్నాదే పంపడానికి? వేట నేదు గదా. నీ చేపే కనబడింది.”

“మరలాగని ఆలకి సెప్పవేటి?”

“సెప్పినాను. ‘ఎంత అణకువో మా పెద్దకి’ అని ఇంకో దండేసినారు.”

లక్ష్మణమ్మ కూడా నలుగురికీ చెప్పింది. ఆ మాటకు మాత్రం ఊళ్లో ఎవరూ అభిప్రాయం ఇవ్వలేదు.

ఆ కార్తీకంలో రేవులో తుఫాను గుర్తు ఎగరేశారు. ఊరంతా అసిరయ్య చుట్టూ చేరి, ఆ చెవి వంకే చూస్తూ నిశ్చింతగా కూర్చుంది. “ఆలోసిస్తన్నాడు, మాటాడకండి” అని గంగులు అందరి నోళ్లూ నొక్కాడు.

లక్ష్మణమ్మ మాత్రం కూర్చోలేదు. ఎర్రన్నను లేపి తెప్పను ఒడ్డుకు ఎగువన సరుగుడు తోటలోకి ఈడ్పించింది. తాతమ్మను మెరక మీద చుట్టాలింటికి పంపింది. ఆ తర్వాత మంచినీళ్ల కుండలన్నీ వరసగా పెట్టుకుని, బావికీ ఇంటికీ, ఇంటికీ బావికీ తిరగడం మొదలెట్టింది.