తెర మీద గీతలు

ఉదయం పదిన్నరకు దినేశ్ హుస్సేన్ సాగర్‌లో పడ్డాడు. పన్నెండు దాటినా దొరకలేదు.

అమీర్‌పేట గల్లీలోని వర్క్‌షాపులో రాజనర్సయ్య సోల్డరింగ్ చేస్తుండగా ఫోన్ వచ్చింది. సాగర్ లోతు కొలిచే పడవ నడిపే రవికాంత్ మాట్లాడాడు. ఆ పడవకు, నీటి అడుగును తెర మీద చూపే సోనార్ పెట్టింది ఈ వర్క్‌షాపే. మోటారు వేస్తే తెర నిండా గీతలు వస్తున్నాయంటే, చూడడానికి పొద్దున ఇక్కడ పనిచేసే దినేశ్ రవికాంత్ వ్యానులో వెళ్లాడు.

"వెనక మోటారు దగ్గర వంగాడండి. నేను తిరిగి చూసేసరికి లేడు. గజ ఈతగాళ్లకు బురదలో ఏమీ కనబడట్లేదు. మీరొచ్చి ఆ తెర బాగుచేస్తే వెతకొచ్చు, నర్సయ్యగారూ."

రాజనర్సయ్య ఇరవై ఏళ్లుగా సోనార్లు బాగుచేస్తున్నాడు. ఒక్కసారీ పడవ ఎక్కలేదు. ఈత రాదు. నీళ్ల మీద పనంతా దినేశ్ చేసేవాడు. "బకెట్ల నీళ్లున్నా దూరం నిలవడ్తవ్ గదా కాకా. నువ్వు బెంచి చూస్కో," అనేవాడు.

పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఆగింది. రాజనర్సయ్య టూల్ బ్యాగును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"జర జల్ది పోనియ్ భాయ్."

"ముందట బస్సున్నది కాకా. దాని మీదికెల్లి పోవాల్నా?"

గట్టున దినేశ్ భార్య మధులత నిలబడి ఉంది. "ఆయనకు ఈతొస్తది కాకా. అటు గట్టుకు పోయి ఉంటడు," అంది. రాజనర్సయ్య తల ఊపాడు.

కాలు పెట్టగానే పడవ ఒరిగింది. అతను కూర్చుండిపోయాడు. రవికాంత్ అతనికి లైఫ్ జాకెట్ కట్టాడు. దినేశ్ పడిన చోటికి చేరాక, వెనక మోటారు దగ్గర వైర్లుండే అర మూత తీశారు. లోపలికి చెయ్యి పోవాలంటే బోర్లా పడుకోవాలి. జాకెట్ అడ్డం వచ్చింది. పక్కన మరో జాకెట్ మడిచి ఉంది. దాని మీద దినేశ్ టెస్టర్ ఉంది.

రాజనర్సయ్య జాకెట్ విప్పాడు.

"కాళ్లు నేను పట్టుకుంటానండి."

"ఇడువకు."

సోనార్ వైరు, మోటారు వైరు ఒకే కట్టగా బిగించి ఉన్నాయి. వైర్లన్నీ కలిపి కట్టాలని దినేశ్‌కు నేర్పింది రాజనర్సయ్యే. బెంచి మీద మోటారు ఉండదు. అక్కడ ఏ గీతా రాలేదు; ఇక్కడ మోటారు కరెంటు పక్క వైరులోకి దూరి గీతలు తెస్తోంది.

కట్ట కోశాడు. సోనార్ వైరును పడవకు అటు పక్కనుంచి తిప్పి, వేరే బ్యాటరీకి కలిపాడు. నీళ్లు మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. వైరు మీంచి చూపు తిప్పకుండా పని ముగించాడు.

"వెయ్యి," అన్నాడు.

మోటారు మోగింది. గీతలు రాలేదు. పడవ కదిలేకొద్దీ అడుగు కనబడింది. బురద. టైరు. నిమజ్జనమైన విగ్రహం ఇనుప చట్రం. చట్రం పక్కన పొడవాటి ఆకారం.

గట్టు మీద నుంచి మధులత చెయ్యి ఊపుతోంది. రాజనర్సయ్య అటు చూడలేదు.

"ఈడ," అన్నాడు.

ఈతగాళ్లు దిగారు. చొక్కా చట్రానికి చిక్కుకుని ఉందని వాళ్లు తరువాత పోలీసులకు చెప్పారు.

అమీర్‌పేట గల్లీ మొదట్లో, మెట్రో పిల్లర్ పక్కన, పొద్దున వ్యాను ఎక్కేముందు దినేశ్ ఆపిన బండి అలాగే ఉంది. తాళం చెవి దానికే ఉంది.