పెద్దావిడ జ్వరం

పొద్దున్నే లేచి చేతివలతో చచ్చిన చేపపిల్లల్ని తోడి పారేయడం, తొట్లు కడగడం, మేత చల్లడం. చేపపిల్లల కేంద్రంలో చిన్నక్కకి పదకొండేళ్ళుగా ఇదే పని. పేరుకే చిన్నక్క, నడుం ఎప్పుడో ముసలిదైపోయింది.

మూల తొట్లో పెద్దావిడ ఉండేది. ఆవిడ చేప. ఏటా మొప్పల జబ్బు తగిలినప్పుడు మిగతావి చచ్చేవి, ఆవిడకి మాత్రం జ్వరం వచ్చేది. తొట్టి మీద ఆవిరి లేస్తుంటే పనివాళ్ళు వెళ్ళి చేతులు కాచుకునేవాళ్ళు. మూడో రోజుకి ఆవిడ తేరుకుని మేత అడిగేది. ఎంతైనా జబ్బు మనిషి కదా అని ఆవిడ గుడ్లు ఎవరూ తీసేవారు కాదు. నిగనిగలాడే తల్లుల్నే ఏరేవాళ్ళు. వాటి పిల్లలు కూడా నిగనిగలాడుతూనే చచ్చేవి.

"ఈసారీ పిల్లలు పోతే తాళం వేసేస్తానమ్మా. ఇక నావల్ల కాదు," అన్నాడు యజమాని. చెడ్డవాడేం కాదు, విసిగిపోయాడంతే.

తాళం పడితే తొట్ల పక్కనున్న గది కూడా పోతుంది. ఆ తర్వాత వదిన ఇల్లే గతి. వదిన అన్నం పెడుతుంది, పెడుతూ దెప్పుతుంది. ఆ ఇల్లు తలుచుకుంటేనే చిన్నక్కకి ఏడుపొచ్చేది.

గుడ్లు తీసే రోజున ఐదు తల్లుల పని అయింది. ఆరోది వలకి చిక్కలేదు. పట్టిన కొద్దీ జారిపోతోంది. చిన్నక్క చేతులు పడిపోతున్నాయి. మూల తొట్లో పెద్దావిడైతే పిలవకుండానే వచ్చి గట్టుకి ఆనుకుంది.

"మీరే రండి తల్లీ, నాకిక ఓపిక లేదు."

పొట్ట మెల్లిగా నొక్కి గుడ్లు తీసి, అవి పిల్లలయ్యేలా మగచేప పాలు కలిపి ఆరో తొట్లో వదిలింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పే ఓపికా లేదు.

నెల తిరక్కుండా జబ్బు వచ్చిపడింది. ఐదు తొట్లు ఖాళీ అయ్యాయి. చిన్నక్క బట్టలు మూట కట్టుకుంది. యజమాని తాళంకప్పతో వచ్చాడు.

"ఆరోదీ ఇంతేగా?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆరో తొట్లో ముంచింది. నీళ్ళు వేడిగా ఉన్నాయి. అడుగున వేలకొద్దీ పిల్లలు మూలుగుతూ పడుకున్నాయి.

"జ్వరమా?"

"జ్వరమే అయ్యగారూ."

"అందరికీనా?"

"అందరికీ. అమ్మ పోలిక."

యజమాని మూల తొట్టి వైపు చూశాడు. చాలాసేపు చెయ్యి పైకి తియ్యలేదు.

"అయితే మూడు రోజులు చూద్దాం," అన్నాడు.

మూడో రోజు పొద్దున పిల్లలన్నీ పైకొచ్చి మేతకి నోళ్ళు తెరిచాయి. చిన్నక్క తన గదిలో, విప్పిన మూట పక్కన గురక పెడుతోంది. పదకొండేళ్ళలో అంత పొద్దెక్కేదాకా పడుకోవడం అదే మొదటిసారి. తలుపు దగ్గరికొచ్చిన యజమాని లేపకుండా వెనక్కి తిరిగాడు. ఆ పూట మేత ఆయనే చల్లాడు.