ఖాళీగా వదిలేసిన గడి

దేవుడి ముందు ఒట్టు పెట్టినవాడు అబద్ధమాడాడా, యంత్రం అచ్చువేసిన అంకె అబద్ధమాడిందా? ఆరేళ్లుగా దీపం వెలిగించిన ప్రతిసారీ ఈ అనుమానం ఎదురుగా వచ్చి నిలబడేది. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టినా కదిలేది కాదు.

మాది పుస్తకాల బైండింగ్ పని. కాగితాలు కోసే పెద్ద కత్తి మెషిన్ మీద మా తమ్ముడు పనిచేసేవాడు. ఆరేళ్ల కిందట వాడు నీరసంగా ఉంటున్నాడని, లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్ రాశారు డాక్టరుగారు. పద్నాలుగు వచ్చింది. ఏడు దాటకూడదట. లివర్ గట్టిపడిందంటే తాగుడే అని నేను తేల్చేశాను.

"నేను చుక్క ముట్టలేదు అన్నయ్యా," అన్నాడు దీపం ముందు చెయ్యి చాపి.

"మరి స్కాన్ మెషిన్‌కి నీ మీద పగా?"

తాగుబోతు చేతిలో కత్తి ఉంచనని కత్తి మెషిన్ తాళంచెవి లాక్కుని దేవుడి అరలో పెట్టాను.

"ఎప్పటికైనా పొరబడ్డానని నీ నోటితో అంటావు. అప్పటిదాకా ఆ మాట నువ్వు నాకు బాకీ," అని వాడు జిగురు బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. మళ్లీ స్కాన్‌కి రమ్మంటే రాలేదు. ఆరేళ్లూ జిగురే పూశాడు.

మొన్న అదే స్కాన్ నాకూ రాశారు. పొట్ట పెరిగినవాళ్లకి చూడాలట. బల్ల మీద పడుకోబోతుంటే స్కాన్ చేసే అమ్మాయి ఆపింది.

"ఏమైనా తిన్నారా బాబాయ్?"

"కడుపునిండా. పూజయ్యాక తినందే మా ఇంట్లో గడప దాటనివ్వం."

"అయితే లేవండి. కనీసం మూడు గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి. తిన్నాక లివర్‌కి రక్తం ఎక్కువ వెళ్తుంది. ఉన్నదానికన్నా గట్టిగా చూపిస్తుంది."

ఆరేళ్ల కిందట స్కాన్ రోజున ఆకలి లేదని తమ్ముడు మొత్తుకుంటుంటే, కూర్చోబెట్టి మారు వడ్డించి మరీ తీసుకెళ్లింది నేనే.

ఇంటిల్లిపాది రిపోర్టులూ ఉన్న సంచిలోంచి వాడి కాగితం తీసిచ్చాను. ఆ అమ్మాయి మొహం ముడుచుకుంది.

"పది కొలతలు తియ్యాలి. ఇందులో నాలుగే ఉన్నాయి. ఒకటి ఆరు, ఇంకోటి ఇరవై రెండు! ఇంత తేడా ఉంటే నమ్మకూడదు. ఎప్పుడు తిన్నారన్న గడి ఖాళీగా వదిలేశారు."

"మరి తాగుడు సంగతో?"

"ఇది గట్టిదనం చూస్తుంది బాబాయ్. ఎందుకు గట్టిపడిందో చెప్పదు. తాగుడని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు. నేనే అన్నాను.

"గడి ఖాళీగా వదిలి సంతకం ఎలా పెట్టాడమ్మా ఆ స్కాన్ తీసినవాడు! చెయ్యెలా వచ్చింది?" అని అరిచాను. వరండాలో జనం లేచి చూశారు.

"నా మీద అరవకండి. అప్పటికి నేను స్కూల్లో ఉన్నాను," అంది.

దారంతా దేవుడితో కూడా పోట్లాడాను. వాడు నీ ఎదుటే చెప్పాడే, నీకు తెలుసే, ఎందుకూరుకున్నావు? ఇల్లు చేరేసరికి ఆ కోపం దించాల్సింది నా మీదేనని తెలిసొచ్చింది. అరలోంచి తాళంచెవి తీసుకుని షాపుకి నడిచాను.

"పొరబడ్డాన్రా," అన్నాను.

వాడు బ్రష్ ఆపలేదు. "మెషిన్ చెప్పిందా?"

"ఆ పద్నాలుగు తప్పుల తడక. నీ నిండు కడుపు మీద కొలిచారు. ఆ తిండి పెట్టింది నేను. తాగావన్నదీ నేనే."

"కాగితాల దొంతరైతే మూడుచోట్ల కొలవందే కత్తి దించనివ్వవు. నన్ను మాత్రం ఒక్క కొలతకే కోసిపారేశావు." బ్రష్ బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు మళ్లీ కొలిపించుకుని రానా, నమ్ముతావా?"

"నీ ఒంటికోసం కొలిపించుకో. ఖాళీ కడుపుతో వెళ్లు. నాకోసం అక్కర్లేదు. నువ్వు తాగలేదు."

వాడు చేతుల జిగురు గుడ్డకి తుడుచుకుని, తాళంచెవి అందుకుని, కత్తి మెషిన్ దగ్గరికి వెళ్లాడు.