మూత మీద మూడు దెబ్బలు

వానలకు రోడ్డు కొట్టుకుపోయి రెండు రోజులైంది. కూరగాయల లారీ జాడ లేదు. కార్మికుల హాస్టల్లో మిగిలినవి బియ్యం, ఉప్పు, నూనె, స్టోర్ గదిలో డబ్బాలు. టైము పదకొండున్నర. ఒంటిగంటకల్లా డెబ్బై మంది కంచాలు పట్టుకుని వరసలో నిలబడతారు.

వంటమనిషి తన తల్లిని పిలిపించింది. కారణం ఉంది. కిందటి నెల నలుగురు కడుపునొప్పితో మంచం పట్టారు. వార్డెన్ ఫిర్యాదుల పుస్తకం తెచ్చి వంటమనిషి ముందు పడేశాడు. "ఇందులో కడుపునొప్పి అన్న మాట ఇంకోసారి కనబడితే, గరిటె అక్కడే పెట్టేసి వెళ్ళిపో" అన్నాడు.

ఆ తల్లిని అందరూ టకటక పిన్ని అంటారు. డబ్బాల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు ఒకటే ఉద్యోగం. సన్నటి ఉక్కు కడ్డీతో మూత మీద కొట్టడం, మోత వినడం, మంచో చెడో తేల్చడం. రిటైరైనా చెయ్యి ఊరుకోదు. అల్లుడి బుర్ర కూడా ఒకసారి కొట్టి చూసిందని కూతురు ఇప్పటికీ ఏడిపిస్తుంది.

స్టోర్ గది అద్దంలా ఉంది. ఎడమవైపు చిక్కుడు గింజల డబ్బాలు నలభై. ఒక్కొక్కదాని మీద ఎర్ర రంగు చుక్క. కుడివైపు బఠానీ డబ్బాలు ముప్ఫై, సిపాయిల్లా వరసగా నిలబడి ఉన్నాయి.

"ఎర్ర చుక్కవి ముట్టుకోకండి పిన్నీ. తేదీ దాటి నాలుగు నెలలైంది. సాయంత్రం పారేస్తాను" అన్నాడు స్టోర్ కీపర్. నలభై ఏళ్ళ మనిషి, చొక్కా మడత నలగనివ్వడు.

"ఎక్కడ పెట్టావు వీటిని?"

"ఇక్కడే. ఎండా తడీ తగలకుండా."

"మరింకేం నాయనా! అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే లోపల విషం పుడుతుందనుకున్నావా? పులుపు సరుకైతే తొందరగా పాడవుతుందని భయపడేదాన్ని. ఇవి గింజలు."

ఆమె పీట వేసుక్కూర్చుని కడ్డీ తీసింది. ఒక్కో డబ్బా తిప్పి అతుకు చూసింది. మూత మీద మూడు దెబ్బలు కొట్టింది. ఖంగుమంది. ఇంకోటి. అదీ ఖంగుమంది. అతుకు దగ్గర తుప్పు తిన్నది ఒకటి, అంచున చొట్ట పడ్డది ఒకటి పక్కకి నెట్టింది.

"ముప్ఫై ఎనిమిది బాగున్నాయి."

"చాలవు" అన్నాడు స్టోర్ కీపర్. "అయినా బఠానీలు ముందుగా ఆరు డబ్బాలు పొద్దున్నే వంటకి పంపించాను. వాటికింకా ఏడాది గడువుంది."

పిన్ని ఆ మాట వింటూనే కుడివైపు డబ్బా ఒకటి ఒళ్ళోకి లాక్కుంది. కొట్టింది.

బొద్దుమంది, తడి గోడని తట్టినట్టు.

రెండోది ఖంగుమంది. మూడోది మళ్ళీ బొద్దు. మూత చూస్తే పళ్ళెంలా చదునుగా ఉంది. వేలితో అతుకు తడిమింది. నునుపుగా, చెక్కసుత్తి దెబ్బలు తగిలినట్టుంది.

"వీటినేం చేశావు?"

అతని మొహం వెలిగింది. "కిందటి నెల ర్యాక్ కూలి చొట్టలు పడ్డాయి పిన్నీ. తనిఖీకి వస్తున్నారన్నారు. రెండు రాత్రులు కూర్చుని ఒక్కోటీ సరిచేశాను. కొన్నిటికి మూత పైకి ఉబ్బింది, బియ్యం బస్తాల కింద పెడితే అణిగిపోయింది. అసలు తెలుస్తోందా చెప్పండి?"

పిన్ని పీట తన్నేసి వంటగదిలోకి పరుగెత్తింది. గుండిగలో బఠానీలు వేడెక్కుతున్నాయి. కూతురు గరిటెతో తీసి ఊదుతోంది.

"నోట్లో పెట్టకు!"

గరిటె ఆగింది.

"పెట్టావా?"

"లేదమ్మా. ఉప్పు చూద్దామని..."

"స్టవ్ ఆర్పు. మొత్తం పారెయ్యి. ఆ గరిటె కూడా."

"వాసన బాగానే ఉందే!"

"మూత ఉబ్బిన డబ్బాలో పుట్టే విషానికి వాసనుండదే తల్లీ. అదే దాంతో వచ్చిన గొడవ."

పిన్ని వెనక్కి వచ్చింది. స్టోర్ కీపర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాగుచేసినవి ఏవో తీసి పక్కన పెట్టు."

అతను ఒకటి తీశాడు. తిప్పాడు. పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. పని అంత శుభ్రంగా చేశాడు, తనకే తెలియలేదు.

"మీరు మోత విని చెప్పలేరా?"

"బొద్దుమన్నది చెడ్డదని చెప్పగలను. సుత్తి తగిలినదాంట్లో అతుకు సన్నగా విడిచినా ఖంగుమనొచ్చు, అది మంచిదని చెప్పలేను. డెబ్బై ప్రాణాల మీద పందెం కాయను." ఆమె కడ్డీ తుడుచుకుంది. "ర్యాక్ కూలాక వీటిలోంచి వంటకి ఎన్ని ఇచ్చావు?"

అతను నేలకేసి చూశాడు. "రెండు" అన్నాడు. "ఆ నలుగురికీ కడుపునొప్పి వచ్చిన రోజే."

"వార్డెన్‌కి ఆ మాట నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"నేనే చెబుతాను."

ముందు ఎర్ర రంగు డబ్బా తెచ్చాడు. బఠానీ డబ్బాలన్నిటికీ, ఒక్కటి వదలకుండా, చుక్కలు పెట్టాడు.

ఒంటిగంటకి వరస కదిలింది. అన్నం మీద చిక్కుడు గింజలు, మనిషికి సగం గరిటె.

"ఏంటక్కా, పిల్లికి పెట్టినట్టు పెడుతున్నావ్?"

"పిల్లయితే నోరు మూసుకుని తినేది. నడువు."

మొదటి కంచం స్టోర్ కీపర్ తీసుకున్నాడు. ఖాళీ డబ్బా మీద తేదీ మరోసారి చదువుకుని, తిన్నాడు.

మర్నాటికి రోడ్డు తెరిచారు. వార్డెన్ స్టోర్ కీపర్ చెప్పిందంతా విన్నాడు. ఫిర్యాదుల పుస్తకం తిప్పాడు. కొత్తగా ఒక్కటే ఉంది. 'కూర చాల్లేదు' అని. పదకొండు సంతకాలు.

పుస్తకం మూసి వంటమనిషి వైపు చూశాడు. "రేపటినుంచి కాస్త ఎక్కువ వండు" అన్నాడు.