తాడు ఉన్న గూడబాతు

ఏలూరు ఫోటో క్లబ్బు పోటీలో ఈ ఏడు మూడు విభాగాలు పెట్టారు. ప్రకృతి, పల్లె బతుకు, ముఖాలు. ప్రకృతి విభాగానికి రెండు నియమాలు. ఫోటోలో మనిషి చేసిన వస్తువు కనబడకూడదు. తీశాక అందులో ఏదీ చెరపకూడదు.

మెర్సీ ఫోటోని మొదటి నియమం కింద తీసేశారు.

ఆమె తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి. ఆదివారాలు రైలెక్కి క్లబ్బుకి వస్తుంది. ఆ ఫోటో గణపవరం అవతల ఒక చేపల చెరువు దగ్గర తీసింది. పక్షులు చేపల్ని తినకుండా చెరువు మీద నైలాను తాళ్లు కడతారు. ఒక గూడబాతు రెక్క తాటిలో చిక్కుకుంది. మెర్సీ చూసేసరికే అది చచ్చి వేలాడుతోంది. పోటీ ప్రదర్శనకి చెరువుల ఆసాములు కుటుంబాలతో వస్తారు. వాళ్లు ఈ ఫోటో చూడాలన్నదే మెర్సీ కోరిక. బహుమతి రాకపోయినా ఆమెకి పట్టింపు లేదు.

“ఫోటో బ్రహ్మాండంగా ఉందండమ్మా,” అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు వెంకట్రాజు. “ఆ తాడొక్కటే అడ్డం. చెరిపేసి తెచ్చెయ్యండి.”

“చెరపకూడదని మీరే రాశారు కదండీ.”

“ఆ మాత్రం అందరూ చేసేదేనండీ.”

“తాడు చెరిపేస్తే ఆ పక్షి ఎందుకు చచ్చిందనుకోవాలండీ? జ్వరమొచ్చా?”

నిరుడు మొదటి బహుమతి కొట్టిన దుర్గేష్ వెనక నుంచి అందుకున్నాడు. “పల్లె బతుకులో పెట్టెయ్యండి మేడమ్. దానిదీ పల్లేగా!”

అందరూ నవ్వారు. మెర్సీ లేచి, ఎంపికైన ఫోటోలు పరిచిన బల్ల దగ్గరికి వెళ్లింది. దుర్గేష్ ఫోటో చేతిలోకి తీసుకుంది. గూటిలో గూడబాతు, పక్కన పిల్ల.

“మీ పక్షి దేని మీద కూర్చుందండీ?”

“కొమ్మ మీదండి.”

“ఆటపాకలోనా?”

దుర్గేష్ ఫోటో కోసం చెయ్యి చాపాడు. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు గూళ్లు కట్టేది ఇనప గొట్టాల స్టాండ్ల మీద. అటవీశాఖవాళ్లు నిలబెట్టినవి. క్లబ్బులో అది తెలియనివాళ్లు లేరు. గొట్టం ఫ్రేములోకి రాకుండా జానెడు పైకి గురిపెట్టడం కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పే పని. దుర్గేష్ గురి కొంచెం తప్పింది. గూటి పుల్లల కింద గొట్టం చివర బోల్టుతో సహా మిగిలిపోయింది.

“ఈ బోల్టు ఏ చెట్టుకి కాసిందండీ?” అంది మెర్సీ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెంకట్రాజు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో ఫోటో వెలుతురులో చూశాడు. గూడబాతులున్న మిగతావాటిలోనూ ఏదో మూల ఇనుము కనబడింది. నియమం అందరికీ వర్తిస్తే ప్రకృతి విభాగంలో ఒక్క గూడబాతూ మిగలదు. ఆహ్వాన పత్రిక మీదేమో దుర్గేష్ గూడబాతు అచ్చయిపోయింది.

“పక్షులకి మేలు చేసే కట్టడమైతే ఉండొచ్చు అని చేరుద్దామండీ,” అన్నాడు చివరికి. చేతులెత్తమన్నాడు. మెర్సీ తప్ప అందరూ ఎత్తారు.

“కీడు చేసేదైతేనండీ?”

“దానికి విభాగం లేదండమ్మా.”

ప్రదర్శన రోజు మెర్సీ ఆ ఫోటోని నిలువెత్తు ప్రింటు వేయించి హాలు గేటు పక్కన పట్టుకు నిలబడింది. వెంకట్రాజు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు.

“పరువు తియ్యకండమ్మా. లోపలికి రండి, స్పెషల్ అని రాసి మూల పెట్టిస్తాను.”

“ప్రకృతిలో పెడతారాండీ?”

“నియమం ఉంది కదండీ...”

“అయితే మీరు వెళ్లండి. ఎవరో వస్తున్నారు.”

కారు దిగినాయన ఫోటో ముందు ఆగాడు. ముదినేపల్లి ఆసామి, అబ్బాయిరాజు. తాటిని చూశాడు, పక్షిని చూశాడు, మెర్సీని చూశాడు. మొహం ఎర్రబడింది.

“ఎవరి చెరువండీ ఇది?”

“మీరు కడతారా తాళ్లు?”

“కట్టకపోతే చేపలన్నీ వాటికే పెట్టమంటారా? మీరొచ్చి పెంచుతారా?”

“ఇలా వేలాడదీసి పెంచుతారాండీ మీరు?”

ఆయన గొంతు పెంచాడు. ఆమె కూడా తగ్గించలేదు. లోపలికి వెళ్లబోతున్న మరో ఇద్దరు ఆసాములు వెనక్కి తిరిగి వచ్చారు. ఒకాయన అబ్బాయిరాజు తరఫున అందుకున్నాడు. రెండో ఆయన మెడ సాచి, రెక్క చుట్టూ బిగిసిన ముడిని చూస్తున్నాడు.

మెర్సీ ప్రింటుని ఆయనకి అందేలా కిందికి దించి పట్టుకుంది.