సాక్ష్యంలో పోయిన షుగర్

మా ఆయన డేవిడ్‌కు షుగర్ పోయింది. ఎప్పుడంటే, కొత్త సంవత్సరం ఆరాధనలో మైకు పట్టుకుని, దేవుడు ముట్టి నయం చేశాడని సాక్ష్యం చెప్పిన రోజు. కాశిబుగ్గలోని మా చిన్న చర్చి చప్పట్లతో మోగిపోయింది. మర్నాడు పరగడుపున రక్తపరీక్ష చేయిస్తే మూడు వందల పది ఉంది.

చప్పట్లు వెనక్కి ఇవ్వలేం కదా! అప్పటినుంచి మాత్రలు ఎవరి కంటా పడకుండా బియ్యం డబ్బాలోకి వెళ్లాయి. సాక్ష్యం నిలబెట్టాలని ఎవరింటికి వెళ్లినా రెండేసి లడ్డూలు తినేవాడు. ఏటా అదే సాక్ష్యం, ఏటా కొంచెం పెద్దదవుతూ.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఆయనకు జ్వరం వచ్చింది. ఇంటింటికీ తిరుగుతున్న ఆశా కార్యకర్త సింధు మా గడప దగ్గర నిలబడి అడిగింది.

"కాకా, షుగర్, బీపీ ఏమన్న ఉన్నయా? షుగరున్నోళ్లకు ఇది పానం మీదికి తెస్తాంది. దాయకు."

"నాకేం లేదు బిడ్డా. దేవుడు ఎప్పుడో తీసేసిండు," అంటూ నావైపు చూశాడు. నేను ఉత్తమ ఇల్లాలిని కదా, నోరు మూసుకున్నాను. సింధు 'లేదు' అని రాసుకుని, మందుల పొట్లం ఇచ్చి వెళ్లింది.

ఐదో రోజుకు ఊపిరి అందలేదు. ఏ ఆటో రానంటే మా పాస్టర్ అయ్యగారే తన కారులో దవాఖానకు తెచ్చారు. ఆక్సిజన్ పెడుతూ డాక్టర్ అడిగాడు.

"పాత రోగాలేమన్న ఉన్నయా? ఇప్పుడు స్టెరాయిడ్ ఇయ్యాలె. షుగరుంటే దీంతోని మస్తు పెరుగుతది. నిజం చెప్పున్రి."

మాస్కు కింద మాట రాని మా ఆయన, అయ్యగారిని చూసి, వేలు అడ్డంగా ఊపాడు. ఊపిరి తీయడానికి లేని ఓపిక అబద్ధానికి ఎక్కడినుంచి వచ్చిందో! నాకు భయమేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"ఉన్నది సార్. పన్నెండేండ్ల సంది ఉన్నది. గోళీలు బియ్యం డబ్బల దాస్తడు," అన్నాను, అయ్యగారికీ వినబడేలా.

డేవిడ్ కళ్లు మూసుకున్నాడు. డాక్టర్ వెంటనే షుగర్ చూసి ఇన్సులిన్ మొదలుపెట్టాడు.

"అమ్మా రూతూ, గోళీలు ఏసుకోవద్దని నేనెన్నడన్న చెప్పిన్నా?" అన్నారు అయ్యగారు నొచ్చుకుంటూ.

"చెప్పలేదయ్యగారూ. ఏటా మైకు మాత్రం ఇచ్చిన్రు," అన్నాను.

పదిహేడు రోజులకు ఇంటికి వచ్చాడు. వారం పాటు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు నేను పొట్టకు ఇన్సులిన్ సూది వేస్తుంటే నోరు విప్పాడు.

"అందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"ఔ, తీసిన. తిట్టు," అన్నాను.

చాలాసేపు తిట్టాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆయాసపడలేదు. నాకు ఏడుపొచ్చింది.